ఏడుపు తక్కువ, లెక్కలు ఎక్కువ

(ఈ నెల పాఠకుల ప్రశ్నలకు నల్లగొండలో ఉంటున్న నవలా రచయిత్రి జవాబులు)

ప్రశ్న: నిరుడు దసరా సంచికలో "రెండో భాగం మొదలుపెట్టాను" అన్నారు. మళ్లీ దసరా దగ్గరికొచ్చింది. మీ డ్యాం ఎంతవరకు లేచింది? (మిర్యాలగూడ నుంచి ఒక పాఠకుడు)

డ్యాం లేస్తూనే ఉంది, నేనే కింద కూర్చుండిపోయాను. కొత్తగా ఈ శీర్షిక చదువుతున్నవాళ్ల కోసం రెండు ముక్కలు. నవల పాత పాలమూరు (మహబూబ్‌నగర్) జిల్లా అచ్చంపేట వైపు నుంచి నాగార్జునసాగర్ పనికి పోయిన ఒక గుంపు కథ. 1955 డిసెంబర్ 10న నెహ్రూ పునాదిరాయి వేసిన దగ్గర మొదలై, 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాల్వలకు నీళ్లు వదిలిన దగ్గర ఆగుతుంది. సాగర్ రాతికట్టడం. అంటే ఆ ఎత్తంతా మనుషులు తట్టల్లో, నెత్తిమీద మోసిన ఎత్తు. పాత ఫొటోలు చూడండి, కట్టెలతో కట్టిన పరంజా మీద వరుసకట్టి జనం కనిపిస్తారు. ఆ వరుసలో ఒకామె నా కుర్మమ్మ.

ఈ నెలంతా ఒక్క బట్వాడా రోజు, అంటే వారం కూలి పంచే రోజు దగ్గరే ఉన్నాను. ఎందుకో చెప్తాను, కొంచెం లెక్క ఉంది, ఓపిక పట్టండి. 1957 ఏప్రిల్ 1న దేశంలో నయాపైసలొచ్చాయి. అంతకు ముందు రూపాయికి పదహారణాలు, ఆ రోజు నుంచి రూపాయికి వంద పైసలు. అణాకు సరిగ్గా ఆరుంబావు పైసలు రావాలి. పావు పైసా ఎవరూ కొట్టరు కదా, అందుకని సర్కారు ఒక పట్టిక ఇచ్చింది. అణాకు ఆరు, రెండణాలకు పన్నెండు, మూడణాలకు పందొమ్మిది, నాలుగణాలకు ఇరవై ఐదు. పట్టిక చూసుకుంటే ఎవరికీ పెద్దగా నష్టం లేదు. మరి పట్టిక చదవనివాళ్ల సంగతి?

నా నవలలో గుంపును పనికి తెచ్చి కూలి పంచే మేస్త్రీ "అణాకు ఆరు పైసలు, సర్కారే చెప్పింది" అంటాడు. అబద్ధం కాదు. కుర్మమ్మ కూలి రోజుకు పన్నెండణాలని పెట్టాను. పట్టిక ప్రకారం డెబ్బై ఐదు పైసలు రావాలి. మేస్త్రీ పన్నెండు ఆర్లు డెబ్బై రెండు అని చేతిలో పెడతాడు. రోజుకు మూడు పైసలు. ఆరు రోజుల బట్వాడాకు పద్దెనిమిది. గుంపులో నలభై మంది ఉంటే వారానికి ఏడు రూపాయల ఇరవై పైసలు, ఎవరి మీదా చెయ్యి ఎత్తకుండా, ఎవరినీ తిట్టకుండా.

కుర్మమ్మకు చదువు రాదు గానీ లెక్క వచ్చు. తట్టకొక చింతగింజ చొప్పున కొంగున ముడేసుకుని రోజంతా లెక్కపెట్టుకునే మనిషి. శనివారం రాత్రి గుడిసెలో రూపాయికి వంద చింతగింజలు పోసుకుని, అణాకొక కుప్పగా ఆరేసి చొప్పున పెడుతుంది. పదహారు కుప్పలయ్యాక నాలుగు గింజలు మిగులుతాయి. తెల్లారి ఆ నాలుగు గింజలు అరచేతిలో పెట్టుకుని మేస్త్రీ ముందుకు పోయి, "ఈ నాలుగు ఎవల బొడ్లెకు పోయినయ్ మేస్త్రీ?" అని అడుగుతుంది. అంతే అధ్యాయం.

ఇది రాయడానికి నెల పట్టింది, ఎందుకంటే ఆ గుంపులో ముసలివాళ్లు ఇంకా హాలీ లెక్కలోనే ఆలోచిస్తుంటారు. నిజాం హాలీ సిక్కా ఏడు రూపాయలు, అటు ఆంగ్లేయుల కల్దారు ఆరు రూపాయలతో సమానం. ఒకాయన హాలీలో అప్పు చేసి, కల్దారులో అడ్వాన్సు తీసుకుని, నయాపైసల్లో కూలి అందుకుంటాడు. ఆయన తలలో ఎన్ని బజార్లు నడుస్తున్నాయో ఊహించండి. నేను ఆర్టీసీ డిపోలో క్లర్కుగా బతికినదాన్ని. కండక్టర్ల వేబిల్లులు చూసి చూసి, కలెక్షన్‌లో చిల్లర ఎక్కడ తగ్గిందో పట్టుకోవడమే ఉద్యోగం. ఆ అలవాటు ఇప్పటికి అక్కరకొచ్చింది.

ప్రశ్న: మా తాత గుంపుమేస్త్రీగా చేశాడు. ఆయన రాసుకున్న బాకీల పుస్తకం ఒకటి సందుగలో ఉంది. మీకు పనికొస్తుందా? (కొల్లాపూర్ నుంచి ఒక టీచర్)

పనికొస్తుందా అని అడుగుతారేంటండీ, నాకు నిద్ర పట్టడం లేదు. అసలు పుస్తకం మాత్రం పోస్టులో పంపకండి. జిరాక్స్ తీయించండి, లేదా ఫోన్‌తో ఫొటోలు తీసి పత్రిక ఆఫీసుకు పంపితే నాకు చేరుస్తారు. అంచులకు చెదలు పట్టి ఉంటే పేజీలు విడదీయొద్దు. పేర్లు బయటికి రానివ్వను. నాకు కావలసింది ఎవరు ఎంత బాకీ ఉన్నారని కాదు, బాకీ పక్కన ఏం రాశారని. పెళ్లికా, ఎద్దుకా, దవాఖానకా, తిండిగింజలకా. మీ తాతగారిని నా నవలలో మేస్త్రీలా చూపిస్తానేమోనని భయపడకండి. నా మేస్త్రీ కూడా పూర్తి దుర్మార్గుడు కాదు. జ్వరమొచ్చిన పిల్లను భుజాన వేసుకుని పైలాన్ కాలనీ దాకా నడిచేదీ ఆయనే, వారానికి ఏడు రూపాయలు నొక్కేదీ ఆయనే.

ప్రశ్న: నేను డిగ్రీ చదువుతున్నాను. మా ఇంట్లో మూడు తరాలు వలసపోయినవాళ్లే. మీ కథల్లో పాలమూరు జనం నవ్వుతుంటారు, ఎకసెక్కాలాడుతుంటారు. మా బాధ మీకు కనబడదా? (కల్వకుర్తి)

తమ్ముడూ, నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. కోపంగా రాశావు, మంచిదే.

బాధ నాకు కనబడదని కాదు. అడ్వాన్సు తీసుకున్న రోజు నుంచి మనిషి మేస్త్రీ చెప్పుచేతల్లో పడతాడని తెలుసు. ఇంటికి తాళమేసి పిల్లలను ముసలివాళ్ల దగ్గర వదిలిపోవడం తెలుసు, మా ఇంటి పక్కన అలాంటి తలుపులే ఉండేవి. సాగర్ కట్టిన చేతులు పాలమూరువి, దాని ఆయకట్టులో పాలమూరుకు ఎకరం లేదు. ఇవేవీ నవలలో దాచట్లేదు.

కానీ ఉద్యోగం మొదట్లో నేను మహబూబ్‌నగర్‌లో ఉన్నప్పుడు బొంబాయి బస్సు బయల్దేరే టైముకు బయటికొచ్చి నిలబడేదాన్ని. బస్సు మీదికి మూటలెక్కించడమే గంట తతంగం. జొన్నపిండి సంచి, తొక్కు డబ్బా, కట్టిన రొట్టెలు, గొంగడి, పారలు కట్టిన కట్ట. ఒకామె కోడిని గంపలో పెట్టుకుని తెచ్చింది. కండక్టర్ "కోడికి హాఫ్ టికెట్టా, ఫుల్ టికెట్టా?" అంటే, "గుడ్లు పెట్టినప్పుడు నీకు సగమిస్త, అప్పుడు కొట్టు" అంది. బస్సంతా పగలబడి నవ్వింది. ఆ నవ్వు కూడా వాళ్ల మూటలోదే కదా! దాన్ని వదిలేసి కన్నీళ్లు మాత్రమే రాస్తే, సగం సామాను దింపేసి బస్సు పంపినట్టే.

ఇంకో సంగతి. కెమెరాలు పట్టుకుని వచ్చినవాళ్లు కొందరు, మన ముసలమ్మలను గడపమీద కూర్చోబెట్టి "కొంచెం కింద చూడమ్మా" అనడం నేను చూశాను. ఆమె అప్పటిదాకా పక్కింటామెతో గుంజుకుని గుంజుకుని మాట్లాడుతోంది. ఫొటోలో మాత్రం తల వంచుకుని ఉంది. పాలమూరు అనగానే ఆ వంచిన తలే రావడం నాకు ఒప్పుకోబుద్ధి కాదు. పని తెలిసినవాళ్లు వాళ్లు. మట్టి చూసి గడ్డపార ఎంత దిగుతుందో చెప్పేవాళ్లు. ఎత్తు తట్ట తలకెత్తుకుని పలక మీద నడిచేటప్పుడు మెడ ఎలా నిలపాలో తెలిసినవాళ్లు. ఆ నేర్పు గురించి ఎవరైనా ఒక్క పేజీ రాస్తే కన్నీటి పాటలు పది చదివినంత కడుపు నిండుతుంది నాకు. నీకు నచ్చకపోవచ్చు. నీ మూడు తరాల కథ నువ్వే రాసి నాకు జవాబు చెప్పు, కొట్లాట నాకిష్టమే.

ప్రశ్న: పిల్లలు, వంట, చుట్టాలు. వీటి మధ్య మీరు ఎప్పుడు రాస్తారు? మాకు పేపరు చదవడానికే టైం దొరకదు. (హుజూర్‌నగర్ నుంచి ఒక గృహిణి)

నా పిల్లలు పెద్దవాళ్లయ్యారు కాబట్టి మీతో పోలిక పెట్టుకోకూడదు. పొద్దున నల్లా వచ్చే రోజైతే తొమ్మిదింటిదాకా బిందెలూ డ్రమ్ములే. పదకొండింటికి మా ఆయన క్లాక్‌టవర్ దగ్గర ఆయన బ్యాచ్‌తో చాయ్‌కి పోతారు. ఆయన భోజనానికి తిరిగొచ్చేలోపు నాది. ఈ శ్రావణంలో ఆ టైం కూడా పెళ్లిళ్లు మింగాయి. మనవరాలికి జ్వరమొచ్చి ఒక వారం నా మంచంమీదే పడుకుంది. పక్కన కూర్చుని డెబ్బై రెండు, డెబ్బై ఐదు అని గొణుగుతుంటే, "అమ్మమ్మా, టెంపరేచరా?" అని అడిగింది.

కాగితం మీదే రాస్తాను, వెడల్పాటి పాత రిజిస్టర్లలో. గళ్లుంటే చెయ్యి కుదురుగా నడుస్తుంది. టైపు చేసేది బస్టాండ్ వైపున్న ఒక డీటీపీ సెంటర్ కుర్రాడు. పెళ్లికార్డుల మధ్యలో నా పేజీలు కొడతాడు. సాహిత్యం గురించి అతనికేమీ పట్టింపు లేదు, అదే నాకు అదృష్టం. "మేడమ్, పేజీ నలభై దగ్గర ల్యాగ్ ఉంది, నేను టీ తాగిరావాల్సి వచ్చింది" అంటాడు. అతను టీకి లేచిన చోటల్లా పెన్సిల్‌తో గీత పెట్టుకుంటాను. సాగర్ నీళ్లలో ఏలేశ్వరం ఊరు మునగక ముందు చరిత్ర గురించి నేను ముచ్చటపడి రాసిన పేజీల దగ్గర అతను టీయే కాదు, భోజనం కూడా చేసొచ్చాడు. ఆ పేజీలు ఇప్పుడు ఒక పేరా అయ్యాయి. ఊరు మునిగిందని, తవ్వకాల్లో దొరికినవి తీసుకుపోయారని, ఆ తీసుకుపోయే బండ్ల వెనక ఊరి కుక్కలు మొరిగాయని, అంతే.

మీ ప్రశ్నకు సూటి జవాబు: ఇంట్లో వాళ్లను ఎదురుచూడనివ్వండి. అన్నం కొంచెం ఆలస్యమైతే ఎవరూ పోరు.

ప్రశ్న: ఈ నెల ఏం చదివారు? పాతవే చెప్పొద్దు. (సూర్యాపేట)

పాతవే చదివాను, ఏం చేయమంటారు!

సురవరం ప్రతాపరెడ్డి గారి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' మళ్లీ తీశాను. మన పాలమూరు మనిషి 1949లో వేసిన పుస్తకం. సాహిత్య అకాడమీ తెలుగుకు మొట్టమొదట, 1955లో, అవార్డు ఇచ్చింది దీనికే. అప్పటికాయన లేరు, 1953లోనే పోయారు. రాజులు ఎవరిని జయించారన్నది పక్కనపెట్టి జనం ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, ఏ ఆటలాడారు అని కావ్యాలన్నీ జల్లెడ పట్టారు. కాకతీయుల కాలం చదువుతుంటే ఓరుగల్లు బజార్లో నడిచినట్టుంటుంది, ఆ సమాచారం చాలావరకు క్రీడాభిరామం నుంచి పట్టుకొచ్చిందే. పండితులు అలంకారాలు చూసుకునే పద్యంలో ఆయన పూటకూళ్లింటి భోజనం చూశారు. నాకు నచ్చేది ఆ చూపు. ఆయన అక్కడక్కడ తీర్పులిచ్చేస్తారు, ఇది మంచి ఆచారం, ఇది చెడ్డదని. అవి నేను త్వరగా దాటేస్తాను.

రెండోది వట్టికోట ఆళ్వారుస్వామి 'ప్రజల మనిషి'. నకిరేకల్ దగ్గరి ఊరివాడు, మా జిల్లా. చిన్నప్పుడు ఇళ్లల్లో వంట చేసి చదువుకున్నాడు, హోటల్లో పనిచేశాడు, తర్వాత దేశోద్ధారక గ్రంథమాల పెట్టి హైదరాబాద్ వీధుల్లో తిరిగి పుస్తకాలమ్మాడు. నవల నిర్మాణం గురించి వంకలు పెట్టేవాళ్లున్నారు, వాటిలో కొన్ని నిజమే. ఉపన్యాసాలు ఎక్కువయ్యే చోట్లున్నాయి. కానీ వెట్టి ఎలా నడిచేదో, ఎవరి పిలుపుకు ఎవరు ఏ పని వదిలి పరుగెత్తాలో అంత వివరంగా చెప్పడం, ఆ పిలుపులు విన్నవాడికే సాధ్యం.

కొత్త నవల ఒకటి కూడా చదివాను. పేరు చెప్పను, రాసినవారు బతికి ఉన్నారు, మంచివారు. అందులో హీరో తండ్రి కూలిపని చేస్తాడు. ఏ కూలిపని? రెండు వందల పేజీల్లో ఎక్కడా లేదు. సాయంత్రం "అలసిపోయి" వస్తాడు, అంతే.

ప్రశ్న: ఓటీటీ చూస్తారా? సీరియల్సా? (నార్కట్‌పల్లి)

అల్లుడు పాస్‌వర్డ్ ఇచ్చాడు. ఒక హత్యల సిరీస్ సగం చూశాను. ప్రతి ఎపిసోడ్‌లో పోలీసాయన ముఖం కడుక్కుని అద్దంలో చూసుకుంటాడు. వదిలేశాను.

చూసింది చెప్పుకోదగ్గది 'దాసి'. బి. నర్సింగరావు గారి 1988 సినిమా. ఇంతకుముందు చూసిందే, ఈసారి పనికోసం చూశాను. అర్చన గారికి జాతీయ ఉత్తమ నటి అవార్డు వచ్చిందని అందరికీ తెలుసు. దుస్తుల రూపకల్పనకు కూడా జాతీయ అవార్డు వచ్చింది. తీసుకున్నది మిర్యాలగూడకు చెందిన సుదర్శన్ గారు, ఆ సినిమాతోనే ఆయన పేరు 'దాసి' సుదర్శన్ అయింది. పోయిన శతాబ్దం తొలినాళ్ల గడీ. అక్కడ దాసి కట్టిన చీర కట్టు, ఆ బట్ట రంగు, దొరసాని చీర ముందు అది ఎలా తేలిపోతుందో చూడండి. మాట్లాడేది తక్కువ. పని చేస్తూనే ఉంటుంది ఆ అమ్మాయి. పనిలో ఆమె ఒళ్లు ఎక్కడ వంగుతుంది, ఎవరి అడుగుల చప్పుడుకు ఎక్కడ ఆగుతుంది అన్నదాంట్లోనే కథంతా ఉంది. ఒక చోట ఆపి, వెనక్కి తిప్పి, మళ్లీ చూసి, నా అధ్యాయంలో కుర్మమ్మ చేత మాట్లాడించిన డైలాగులు కొన్ని కొట్టేశాను.

సీరియల్ మా వియ్యపురాలు చూస్తారు. ఆవిడ కథ చెప్తుంటే వినడం సీరియల్ కన్నా బాగుంటుంది.

ప్రశ్న: ఇప్పుడు మా దగ్గర నాట్లు వేసేది బీహారోళ్లు. మీ తర్వాతి నవల వాళ్ల మీదేనా? (హాలియా నుంచి ఒక రైతు)

మొన్న మీ వైపే వచ్చాను, ఎడమ కాల్వ కింద. మడిలో పది పన్నెండు మంది మగవాళ్లు వరుసగా వంగి నాటేస్తున్నారు. మాకు నాటు అంటే ఆడవాళ్ల పని, పాట ఉండేది. వీళ్ల దగ్గర ఒకరి జేబులో ఫోన్ పాడుతోంది. ఎకరానికి ఇంత అని గుత్త. గట్టుమీద వాళ్ల మేస్త్రీ లాంటి ఒకాయన, చేతిలో ఫోన్, చెవిలో ఇంకో ఫోన్. రైతు భార్య గట్టు మీద నుంచి "భయ్యా, దగ్గర దగ్గర వేయ్, దూర్ దూర్ నక్కో!" అని అరుస్తోంది. పొయ్యి మీద గిన్నెలో అన్నం, ఆలుగడ్డలు. కుర్రాడొకణ్ణి అడిగాను, వచ్చేటప్పుడు ముందే డబ్బులిచ్చారా అని. తల ఊపాడు. ఊరికి వెళ్లేదెప్పుడంటే, "హిసాబ్ అయ్యాక" అన్నాడు.

చూశారా, అక్కడా ముందు అడ్వాన్సు, తర్వాత హిసాబ్. మా గుంపు అచ్చంపేట నుంచి నడిచి, బండెక్కి వచ్చింది. వీళ్లు రైలెక్కి వచ్చారు. అయినా ఆ నవల నేను రాయలేను. ఆ కుర్రాడు తమ్ముడితో ఫోన్లో మాట్లాడుతూ నవ్వాడు, ఆ జోకు నాకర్థం కాలేదు. జోకు అర్థం కాని మనుషుల మీద నవల ఎలా రాస్తాం? ఒక అధ్యాయం మాత్రం ఉంటుంది, చివర్లో. ముసలైపోయిన కుర్మమ్మ పెద్దవూర దగ్గర ఆటోలో పోతూ వాళ్లను చూస్తుంది. ఏమంటుందో ఇంకా రాయలేదు.

ప్రశ్న: నా నవల రాతప్రతి పంపితే చదివి అభిప్రాయం చెప్తారా? మూడు వందల పేజీలు. (వనపర్తి)

మూడు వందలు వద్దమ్మా, నా కళ్లు ఒప్పుకోవు. మీ నాయన రైతని రాశావు కదా. ఆయన పొద్దున లేచింది మొదలు బోరు దగ్గరికి పోయి స్టార్టర్ నొక్కేదాకా ఏమేం చేస్తాడో ఒక్క పేజీ రాసి పంపు. "కష్టపడతాడు" అన్న మాట రాయకుండా. ఆ పేజీ చూసి మిగతావి అడుగుతాను.

ప్రశ్న: మీ మొదటి నవల ఎక్కడా దొరకడం లేదు. (భువనగిరి)

నా దగ్గరా ఒక్కటే కాపీ ఉంది, ఎవరికీ ఇవ్వను. ఒక గ్రంథాలయంలో ఉందని ఈ మధ్యే తెలిసింది. చూడ్డానికి పోతే చివరి పేజీలు ఎవరో చింపుకుపోయారు. చదవాలనుకుంటే అక్కడిదాకా చదివి, ముగింపు కోసం నాకు ఉత్తరం రాయండి.